కడగని ముక్క

ఆ ఉదయం ఆకాశం బాగా కిందకి దిగింది. గల్ఫులోని రాస్ అల్ ఖైమా వెనకనున్న కొండలు నడుం దాకా మబ్బులో మునిగిపోయాయి. క్వారీ వైపు రోజూ లేచే తెల్ల దుమ్ము కూడా ఆ మబ్బులోనే కలిసిపోయి ఆనవాలు లేకుండా పోయింది. వాన వచ్చేలా ఉంది గాని రాదు. జనవరిలో ఇక్కడి మబ్బు ఊరికే ఊరిస్తుందని నాలుగేళ్లలో ఏసుబాబుకి తెలిసిపోయింది. అయినా అలవాటు కొద్దీ తీగ మీది బట్టలు తీసి లోపల పెట్టాడు. ఆ తర్వాత, పొద్దున్నే చూడడానికి భయపడుతున్న చోటికి వచ్చాడు. వెనక వరండాలో బోను ముందు గొంతుక్కూర్చుని, తలుపు తీసి, గిన్నె ఇవతలికి లాగాడు.

మాంసం ముక్కలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

బోనులో పాత నేత చీర మీద రెండు జంతువులు పడుకుని ఉన్నాయి. వాటిని ఫెర్రెట్లు అంటారని ఇంటివాళ్లు చెప్పారు. ఏసుబాబు లెక్కలో మాత్రం అవి ముంగిసలే. అదే పొడుగాటి ఒళ్లు, అవే పొట్టి కాళ్లు, అదే మూతి. ఆడదాని పేరు బూందీ. మగదాని పేరు చేగోడీ. గుండ్రంగా చుట్టుకుని, తోక నోటి దగ్గరికి చేర్చి పడుకుంటుందని ఈ ఇంటి అమ్మాయి నిఖిత ఆ పేరు పెట్టింది. ఇప్పుడు చుట్టుకోవడానికి దానికి ఒళ్లే మిగల్లేదు. వెన్ను మీద చెయ్యి పెడితే పూసలు లెక్కపెట్టుకోవచ్చు.

చేగోడీని ఎత్తి కాటా మీద పెట్టాడు. అది వంటింటి కాటా. ఇంటావిడ చాముండేశ్వరిగారు మిఠాయిలకి పిండి తూచుకునేది. డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజే ఆవిడ దాన్ని తెచ్చి వరండా గట్టు మీద పెట్టేశారు. మళ్లీ లోపలికి తీసుకెళ్లలేదు.

ఎనిమిది వందల పన్నెండు గ్రాములు. పోయిన బుధవారం డాక్టరు తూచినప్పుడు ఎనిమిది వందల అరవై. ఏసుబాబు ఆ అంకె వైపు కాసేపు చూసి, జంతువుని తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఇవాళ మంగళవారం. శుక్రవారం మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అదే సాయంత్రం షార్జా హాస్టల్ నుంచి నిఖిత వస్తుంది.

ఆ బుధవారం అమ్మగారినీ, బుట్టలో చేగోడీనీ కార్లో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది ఇంటి డ్రైవరైన ఏసుబాబే. డాక్టరు ఈజిప్టు మనిషి. నెమ్మదిగా, చేతులు తిప్పుతూ చెప్పాడు. ఇవి మాంసం తిని బతకడానికి పుట్టినవి, పొట్లంలో వచ్చే ఈ గుళికల మేతలో పిండి ఎక్కువ, అది దీని కడుపుకి పడడం లేదు, అందుకే విరేచనాలు, అందుకే ఈ చిక్కిపోవడం అన్నాడు. పచ్చి మాంసానికి మార్చమన్నాడు. కోడి మాంసం, కార్జం, గుండెకాయ, నమలగలిగే సన్న ఎముక. రోజూ గుళికలు కాస్త తగ్గిస్తూ, మాంసం కాస్త పెంచుతూ పోవాలి. చిన్నప్పట్నుంచీ తిన్నదే తిండి అనుకునే జాతి కాబట్టి మొదట మొండికేస్తుంది, ఓపిక పట్టాలి, కాని పస్తు మాత్రం ఉంచకూడదు. శుక్రవారానికి బరువు ఇంకా పడిపోతే ఆసుపత్రిలో ఉంచుకోవలసి వస్తుంది. అక్కడికొచ్చాక తను ఏ మాటా ఇవ్వలేనన్నాడు.

తిరిగొచ్చే దారంతా చాముండేశ్వరిగారు పచ్చి మాంసం సంగతే ఆలోచించారు. వాళ్లింట్లో కోడిగుడ్డు కూడా గడప దాటదు. భర్త రామ్మోహనరావుగారు క్వారీలో ఇంజనీరు. సైటు మీద అందరూ బిర్యానీ తింటుంటే ఆయన ఇంటి నుంచి పట్టుకెళ్లిన పులిహోర డబ్బా విప్పుకునే మనిషి. ఆవిడ చివరికి ఒక్కటే షరతు పెట్టారు. కొయ్యడం, పెట్టడం అంతా వెనక వరండాలోనే జరగాలి. ఇంట్లోకి నీచు వాసన రాకూడదు. ఆ పైన ఏసుబాబు ఇష్టం.

ఏసుబాబు ఆ షరతుని మనసులో గట్టిగా ముడేసుకున్నాడు. మాంసం ఎలా శుభ్రం చెయ్యాలో ఒకరు చెప్పాలా? గోదావరి లంకల్లో పుట్టినవాడు. కోడైనా చేపైనా కల్లుప్పు, పసుపు పట్టించి రుద్ది, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగడం చిన్నప్పట్నుంచీ చేస్తున్న పని. ఇప్పుడు అమ్మగారి మాట కోసం ఇంకో రెండు నీళ్లు ఎక్కువ కడిగాడు. చివర నిమ్మకాయ కూడా పిండాడు. ముక్కలు లేత కొబ్బరిలా తెల్లగా తేలితే, మొదటి రోజు తనలో తనే మెచ్చుకున్నాడు.

బూందీ ఒక ముక్క నోట పట్టుకుని వెంటనే వదిలేసి, మూతిని నేలకేసి అటూ ఇటూ రుద్దుకుంది. చేగోడీ వాసన చూసి వెనక్కి నడిచింది. మర్నాడు గుళికలతో కలిపి పెడితే, బూందీ గుళికలు మాత్రం ఏరుకుని తింది, చేగోడీ వాటిని కూడా మానేసింది. అప్పట్నుంచీ పూటపూటకీ విడిగా నాలుగు గుళికలు నీళ్లలో నానబెట్టి, అరచేతిలో పెట్టి నాకించి, చేగోడీ ప్రాణం నిలబెడుతున్నాడు. నాకించిన ప్రతిసారీ కిందటిసారి కంటే తక్కువే లోపలికి పోతోంది.

అతన్ని లోపల తొలిచేస్తున్న సంగతి మరొకటుంది. నిఖిత వెళ్తూ వెళ్తూ, "నువ్వు బాతుల్ని పెంచావుగా బాబాయ్, వీటి సంగతి నీకే తెలుస్తుంది" అంది. ఆ బాతుల్ని ముంగిసల నుంచి కాపాడుకోవడానికే తన బాల్యమంతా పోయిందని ఏసుబాబు ఆ పిల్లకి చెప్పలేదు. ఒక మధ్యాహ్నం కాస్త కునుకు తీస్తే ఒకే ఒక్క ముంగిస పదకొండు బాతు పిల్లల్ని గట్టు పొడుగునా వరసగా చంపి పడేసి పోయింది. ఈ ఇంట్లో పనికి చేరిన కొత్తలో బోను దగ్గరికి వెళ్లడానికే అతని కాళ్లు రాలేదు. తర్వాత ఆ కాళ్లు ఎప్పుడు వచ్చాయో కూడా గుర్తు లేదు. ఇప్పుడు మాత్రం పొద్దున లేచింది మొదలు ఆ వెన్నుపూసల మీదే ఉంది అతని ధ్యాస.

వంటింట్లోంచి అమ్మగారి గొంతు వినబడింది. ఫోన్లో నిఖితతో మాట్లాడుతున్నారు.

"తింటున్నాడే. శుభ్రంగా తింటున్నాడు. నువ్వు చదువుకో."

ఏసుబాబు తల వంచుకుని గిన్నెలోని ముక్కలు చెత్త సంచిలో వేశాడు. ఆవిడ ఆ జంతువుల్ని ఎప్పుడూ "ఆ ఎలకలు" అనే అంటారు. కాని ప్రతి శనివారం బోనులో పాత చీర పోయి ఉతికిన చీర వచ్చేది. అది తను మార్చింది కాదని అతనికి తెలుసు. తనకి తెలుసని ఆవిడకీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

పదింటికి కోడి మాంసం కొట్టుకి వెళ్లాడు. కొట్టు నడిపే కలీం కడప జిల్లా మనిషి. గల్ఫుకి వచ్చి పదిహేనేళ్లయినా నోట్లో కడప పోలేదు.

"ఏం భాయ్, పప్పు తినే ఇంటికి రోజూ పావుకిలో కార్జమా? సారు గాని దొంగతనంగా తింటాండాడా?" అన్నాడు.

ఏసుబాబు సంగతి చెప్పాడు. కలీం కత్తి పక్కన పెట్టి అతన్ని ఎగాదిగా చూశాడు.

"ముంగిసకి మాంసం తినడం నేర్పిస్తాండావా? ఇంగ రేపు నా పిల్లికి పాలు తాగడం నేర్పీ. యల్లా, పట్టు, ఇది ఇప్పుడే కోసిన కోడి, వేడి కూడా పోలేదు. ఇది తినకపోతే అది ముంగిసే కాదు, ఏ పంతులుగారో అట్లా పుట్టినాడు."

కొట్లో ఉన్నవాళ్లు నవ్వారు. ఏసుబాబు నవ్వలేదు గాని, కలీం అదనంగా వేసిన నాలుగు గుండెకాయలు వద్దనకుండా తెచ్చుకున్నాడు.

ఇంటికొచ్చి, బోను కడగాలని రెండిటినీ వరండాలో వదిలి, గేటు దగ్గర కారులోంచి కవరు తీసుకుని వెనక కుళాయి దగ్గరికి నడిచాడు. కవరు అడుగున ఎక్కడో చిల్లి పడింది. అతను చూసుకోలేదు. కల్లుప్పు డబ్బా, పసుపు డబ్బా దించుకుని, పీట వేసుకుని కూర్చుని, వెనక్కి తిరిగి చూసేసరికి చేగోడీ వస్తోంది.

రోజూ బయటికి వదిలితే గోడ వారన పడి ఉండేది. ఇవాళ నేలకి మూతి ఆనించి నడుస్తోంది. రెండడుగులు వేసి ఆగుతుంది, నాలుక తీసి గచ్చు నాకుతుంది, మళ్లీ రెండడుగులు. ఏసుబాబు కదలకుండా చూశాడు. గేటు నుంచి కుళాయి దాకా గచ్చు మీద ఎర్రటి చుక్కలు. కవరులోంచి కారినవి. ఒక్క చుక్క వదలకుండా నాకుతూ వచ్చి, అతని కాలి మీద ముందు పాదాలు పెట్టి, లేచి నిలబడి, కవరు వైపు మెడ సాచింది. ఆ వెనక కాళ్లలో అంత సత్తువ ఎక్కడ దాచుకుందో.

అతను పొద్దున బోర్లించిన గిన్నెని కాలితో దగ్గరికి జరిపాడు. గిన్నెకి ఇంకా కడిగిన మాంసం వాసన ఉంటుంది. చేగోడీ దాన్ని వాసన చూసి, వెనక్కి అడుగులేసి, మూతి నేలకి రుద్దుకుంది. మళ్లీ వచ్చి కవరు వైపే మెడ సాచింది.

అదే కోడి. అదే కొట్టు. చుక్కకీ గిన్నెకీ నడుమ ఏముంది?

ఏసుబాబు తన చేతి వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గోళ్ల సందుల్లో వారం రోజుల పసుపు.

అప్పుడు గుర్తొచ్చింది. బాతుల్ని పోగొట్టుకున్న ఆ సాయంత్రమే నాన్న బోను కట్టాడు. ఎరకి ముక్క తెమ్మంటే, పిల్లవాడైన ఏసుబాబు వంటకి కడిగి పెట్టిన దాంట్లోంచి ఒకటి తెచ్చి ఇచ్చాడు. నాన్న వాసన చూసి నవ్వాడు. "ఇది మనం తినేదిరా. దానికి పెట్టేది కడక్కూడదు" అని, కోడి పేగులు తెప్పించి కట్టాడు. రెండు రోజులకి ముంగిస పడింది. చంపడానికి నేర్చుకున్న ఆ మాట నలభై ఏళ్లు ఎక్కడ పడి ఉందో గాని, కావలసిన వారమంతా గుర్తు రాలేదు.

పసుపు డబ్బా మూత పెట్టేశాడు. చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాడు. కాని మాంసం గిన్నెలో వెయ్యలేదు. లేచి, వంటింటి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ గడప అతను లోపలికి దాటడు. చాముండేశ్వరిగారు దొండకాయలు తరుగుతున్నారు.

"అమ్మగారండీ."

ఆవిడ కత్తి ఆగింది. తల మాత్రం ఎత్తలేదు. "పోయిందా?"

"లేదండి, లేదండి. తప్పు నాదండి. నేనే పసుపూ ఉప్పూ పట్టించి కడిగేత్తన్నానండి. దానికి కావల్సింది ఆ నీళ్లలోనే పోతందండి."

"కడక్కుండా పెడితే తింటుందా?"

"తింటాదనుకుంటన్నానండి. కానండీ..." అతను గడప వైపు చూశాడు. "నీచు వత్తాదండి. ఇక్కడిదాకా వత్తాది. తమరు వద్దన్నారు కదాండీ."

ఆవిడ చేతిలోని దొండకాయని చక్రాలుగా తరిగి, గిన్నెలో వేసి, చెంగుకి చెయ్యి తుడుచుకున్నారు.

"ఇల్లు నేను కడుక్కుంటాలే ఏసుబాబూ. నువ్వు దాన్ని మాత్రం కడక్కు."

అతను ఇంకా నిలబడే ఉంటే, దోమతెర తలుపు తీసుకుని ఆవిడే ముందుగా వరండాలోకి వచ్చారు. ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని, గట్టుకి ఆనుకుని నిలబడ్డారు. నాలుగేళ్లలో మాంసం ఉన్న చోటికి ఆవిడ ఇంత దగ్గరగా రావడం అతను చూడలేదు.

ఏసుబాబు తొందరపడలేదు. కార్జం చిటికెన వేలి గోరంత ముక్కలు చేశాడు. రెండు గుళికలు రాతి మీద నలిపి ఆ పొడి పైన చల్లాడు, తెలిసిన వాసన కూడా కాస్త తగలాలని. తర్వాత చూపుడు వేలు ఆ నెత్తుట్లో ముంచి, చేగోడీ పెదవి అంచున రాశాడు. అది నాకింది. మళ్లీ రాశాడు. మళ్లీ నాకింది. మూడోసారి వేలితో పాటు చిన్న ముక్క పెట్టాడు. చేగోడీ ముక్కని పళ్లతో అందుకుని గబగబా బోనులోకి దూరి చీర కిందికి పోయింది.

"తిన్నాడా, దాచుకున్నాడా?" అన్నారావిడ. ఎలక అనలేదు.

ఏసుబాబు చీర కొస ఎత్తాడు. ముక్క లేదు. చేగోడీ మూతి నాకుకుంటూ బయటికొచ్చి, అతని వేలిని, గోరుని, గోరు సందుని వాసన చూసి, ఇంకోటేదీ అనే చూపు చూసింది. రెండో ముక్క దాక్కోకుండా అక్కడే తింది. మూడోది గిన్నెలోంచి తనే తీసుకుంది. బూందీ పక్క నుంచి దూసుకొచ్చి నాలుగోది లాక్కుపోయింది.

చాముండేశ్వరిగారి చెంగు ముక్కు మీంచి ఎప్పుడు జారిందో ఆవిడ చూసుకోలేదు. "ఇంకోటి పెట్టు" అన్నారు.

"వద్దండి. ఈ పూటకి ఖలాస్. ఎండిన కడుపు కదండీ, ఒక్కసారే ఎక్కువేత్తే తిరగబెడతాది. రెండు గంటలాగి పెడతాను."

"రెండు గంటలా?"

"ఆయ్."

రెండు గంటలకి ఐదు నిమిషాలు ముందే ఆవిడ మళ్లీ వరండాలో ఉన్నారు.

బుధవారానికి విరేచనం గట్టిపడింది. గుళికలు ఇంకా పూర్తిగా మాన్పించలేదు. డాక్టరు చెప్పినట్టే ఆ పొడి పూటకి కాస్త తగ్గిస్తూ, ముక్క కాస్త పెంచుతూ వచ్చాడు. కార్జం తగ్గించి తొడ మాంసం కలిపాడు. తిని మిగిల్చింది వెంటనే తీసెయ్యడం, గిన్నె వేడినీళ్లతో కడగడం మాత్రం పట్టుబట్టి చేశాడు. కడుక్కోవలసింది గిన్నెనే గాని ముక్కని కాదని తనకి తనే చెప్పుకున్నాడు.

గురువారం పొద్దున రామ్మోహనరావుగారు సైటుకి బయల్దేరుతూ బూటులో కాలు పెట్టి, ఠక్కున తీసేశారు. లోపల కోడి గుండెకాయ ఉంది. అది బూందీ పని. దొరికింది దాచుకోవడం ఆ జాతికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. ఆయన బూటుని దూరంగా పట్టుకుని భార్య వైపు చూశారు, ఇప్పుడు ఈవిడ ఏమంటుందో అని. చాముండేశ్వరిగారు బూటు అందుకుని ఏసుబాబు చేతికిచ్చి, ఇంకో జత తెచ్చి భర్త ముందు పెట్టారు.

"పాపం, దాని తిండి అది దాచుకుంది. మీరు చూసి తొడుక్కోవద్దూ?" అన్నారు.

ఆయనకి ఆ మాట నమిలి మింగడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత నవ్వుతూనే కారెక్కారు.

శుక్రవారం ఆసుపత్రిలో కాటా ఎర్ర అంకెలు అటూ ఇటూ ఊగి, ఎనిమిది వందల నలభై ఆరు దగ్గర నిలబడ్డాయి. మంగళవారానికి ఎనిమిది వందల పన్నెండుకి పడి మళ్లీ పెరిగిందని విని, డాక్టరు చేగోడీ పొట్ట నొక్కి చూసి, పళ్లు చూసి, ఆసుపత్రిలో ఉంచే పనిలేదన్నాడు. ఇలాగే పెట్టండి, నెల తర్వాత రండి అన్నాడు. ఎలా అలవాటు చేశారని అడిగితే చాముండేశ్వరిగారు ఏసుబాబు వైపు చూపించారు. అతను, "కడగడం మానేశాను డాక్టర్ సాబ్" అని హిందీలో చెప్పాడు. డాక్టరుకి అది పూర్తిగా అర్థం కాలేదు. అయినా మంచిదన్నట్టు తల ఊపాడు.

కార్లో ఆవిడ ఫోన్ తీశారు. బుట్ట ఒళ్లోనే పెట్టుకున్నారు.

"తింటున్నాడే" అన్నారు నిఖితతో. "శుభ్రంగా తింటున్నాడు." అవే మాటలు. ఈసారి చివర గొంతు వణికింది. అవతల ఆ పిల్ల కంగారుపడి ఏమైందని అడిగినట్టుంది. "ఏం కాలేదు. సాయంత్రం వస్తావుగా, నువ్వే చూద్దువు" అని పెట్టేసి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. బయట కొండలు మబ్బు విడిచి స్పష్టంగా ఉన్నాయి. ఏసుబాబు అద్దంలోకి చూడకుండా బండి నడిపాడు.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. రెండు జంతువులకీ చెరో కోడి రెక్క ముక్క ఎముకతో సహా పెట్టి, తన గది ముందు మెట్టు మీద పళ్లెం దించుకున్నాడు. అతని గది వరండా చివరే. రాత్రి వండుకుని ఇప్పుడే వేడిచేసుకున్న చేపల పులుసు గిన్నె మూత తీశాడో లేదో తెర తలుపు చప్పుడైంది. గబుక్కున మూత పెట్టేశాడు.

చాముండేశ్వరిగారు వచ్చారు. ఒక చేతిలో తన పప్పన్నం పళ్లెం, రెండో చేతిలో దొండకాయ వేపుడు గిన్నె. పొద్దున్నుంచీ ఆవిడ కూడా ఏమీ తినలేదని అతనికి తెలుసు. రోజూ అతని అన్నం వంటింటి కిటికీలోంచి అందుతుంది. ఇవాళ ఆవిడ ఆ మెట్టు దాకా నడిచొచ్చి, వేపుడు అతని పళ్లెంలో వేసి, పక్కనున్న గట్టు మీద కూర్చున్నారు. ఏసుబాబు లేచి నిలబడబోయాడు.

"కూర్చో. ఆ మూత తీసుకో, చల్లారిపోతుంది."

అతను కూర్చున్నాడు. మూత తీశాడు. పులుసు వాసన వరండా అంతా పరుచుకుంది. ఆవిడ పప్పులో నెయ్యి కలుపుకుంటున్నారు. బోనులో చేగోడీ రెక్క ఎముకని రెండు పాదాల మధ్య బిగించి, తల పక్కకి వాల్చి, కటుక్కు కటుక్కుమని కొరుకుతోంది. మెట్టు మీద మనిషి, గట్టు మీద మనిషి ఆ చప్పుడు వింటూ, తమ తమ పళ్లేల్లోకి చూసుకుంటూ, అన్నం తిన్నారు.